నొప్పి దాచినవాళ్ళ బెంచీ

మొన్న శనివారం సాయంత్రం నాలుగూ పదికి, వంటింట్లో టీ డబ్బాను పై అరలోంచి తీసి కింది అరలో పంచదార సీసా పక్కన పెట్టాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో చెప్పుకోదగింది అదొక్కటే. కెటిల్ మరిగేలోపు కుడి భుజాన్ని ఎడమచేత్తో నొక్కుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురింటి పిల్లలు రోడ్డు మీద టెన్నిస్ బంతితో ఏదో ఆడుతున్నారు. వాళ్ళలో పెద్దవాడు బంతిని కొట్టి, బ్యాటు చేతిలోనే పట్టుకుని పరిగెత్తాడు. "బ్యాటు వదిలెయ్!" అన్నాను, నాకు తెలియకుండానే. కిటికీ మూసి ఉంది కాబట్టి వాడికి వినబడలేదు. (వినబడినా అర్థమయ్యేది కాదు. ఈ ఊళ్ళో ఆ తెలుగు మాట తెలిసిన ఇంగ్లీషు పిల్లలు ఒకప్పుడు ఒక జట్టుకు సరిపడా ఉండేవారు. ఇప్పుడు వాళ్ళందరూ పెద్దవాళ్ళయి ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు.) నిజానికి ఆ మాట నాది కాదు. అది నాకెలా అంటుకుందో చెప్పాలంటే ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

ఆ రోజుల్లో మాకు ఒళ్ళనేది ఒకటి ఉంటుందని తెలియదు. కాళ్ళు నడవడానికి, చేతులు విసరడానికి, పొట్ట తిన్నది దాచుకోవడానికి ఉన్నాయనుకునేవాళ్ళం. వాటికి కూడా ఏదో ఒకరోజు అభిప్రాయాలుంటాయని అనుకోలేదు. నేను తెనాలి నుంచి నార్తాంప్టన్‌కు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి ఏడాది దాటింది. నాతో పాటు ఇంట్లో ఉండే కాకినాడ ఆయనను అందరూ బావగారు అనేవారు. ఆయన ఎవరికి బావగారో ఎవరికీ తెలియదు. మా ఆఫీసులోనే నాకన్నా నాలుగేళ్ళు సీనియర్. మనుషులనే కాదు, టీవీ రిమోట్‌ను కూడా "ఎక్కడికెళ్ళారండీ మీరు" అని వెతికే మర్యాదస్తుడు. మా ఇద్దరికీ వచ్చిన ఆట క్రికెట్ ఒక్కటే. అది కూడా ఆఫీసు క్యాంటీన్లో చెప్పుకునేంత వచ్చు కానీ మైదానంలో చూపించేంత రాదు. నేను మాత్రం చెప్పుకోవడంలో లోటు చేయలేదు. కాలేజీలో బౌండరీ దగ్గర నుంచి బంతి విసిరితే నేరుగా వికెట్లకు తగిలేదని ఒక మధ్యాహ్నం గట్టిగా చెప్పాను. (ఒకసారి తగిలింది. మా వికెట్ కీపర్‌కు.)

ఆ మాట విన్న మా టీమ్ లీడ్, ఒక ఇంగ్లీషావిడ, మర్నాడు నా దగ్గరికొచ్చి తన కొడుకు ఆడే పిల్లల బేస్‌బాల్ జట్టుకు శనివారాలు సాయం చేస్తారా అని అడిగింది. కోచ్‌గా ఉన్న ముసలాయన మోకాలికి ఆపరేషన్ పడిందట, ఆయన తిరిగొచ్చేదాకా పిల్లలకు బంతులు విసరడానికి మనిషి కావాలట. నాకు బేస్‌బాల్ రాదని చెప్పడానికి నోరు తెరిచేలోపు పక్క సీటులోంచి బావగారు తెలుగులో అందుకున్నారు. "ఒప్పేసుకోండి తమ్ముడూ. బంతి బంతేనండి. కర్ర గుండ్రంగా ఉంటే మనకేవిటండీ?" ఆవిడ బాస్. పైగా కొత్త ప్రాజెక్టులో ఎవరిని వేయాలో ఆ వారమే తేలుతుంది. ఒప్పుకున్నాను.

ఆ మైదానం కౌన్సిల్ వాళ్ళది, ఊరి చివర, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. పదీ పన్నెండేళ్ళ మధ్య పిల్లలు. సగం ఇంగ్లీషు పిల్లలు, మిగతావాళ్ళలో ఆసుపత్రిలో పనిచేసే మన డాక్టర్ల పిల్లలు, మా ఆఫీసు వాళ్ళ పిల్లలు ఉన్నారు. టీమ్ లీడ్ కొడుకు బుగ్గలు ఎండ తగిలితే ఎర్రబడతాయి, తగలకపోయినా ఎర్రగానే ఉంటాయి. బావగారు వాడికి టమాటా అని పేరు పెట్టారు. జట్టులో అందరికన్నా బాగా బంతి విసిరేది మాత్రం ఒక పదకొండేళ్ళ తెలుగుపిల్ల. ఇంట్లో చిన్నది అంటారట, మేమూ అలాగే పిలిచాం. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఈ ఊరి యాసలో చెప్పేది. మొదటిరోజే నన్ను "అంకుల్" అంది. నాకు పాతికేళ్ళు. ఆ గాయానికి మందు ఇప్పటికీ కనిపెట్టలేదు.

మా శిక్షణ ఎలా సాగిందో ఇప్పుడు తలుచుకుంటే అంత తక్కువ నష్టంతో బయటపడడమే విడ్డూరం అనిపిస్తుంది. క్రికెట్‌లో బంతిని కొట్టాక బ్యాటు వదిలేసి పరిగెత్తడం కన్నా సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. బ్యాటును ముందుకు చాచి గీత దాటించడమే మనకు చిన్నప్పటి నుంచి నేర్పిన విద్య. ఆ పిల్లలు కొట్టగానే బ్యాటు పారేసి పరిగెత్తడం చూసి నా మనసు కలుక్కుమంది. పిలిచి, వరసలో నిలబెట్టి, అల్యూమినియం బ్యాటును ముందుకు చాచి ఎలా పరిగెత్తాలో చేసి చూపించాను. వాళ్ళు శ్రద్ధగా నేర్చుకున్నారు. అయితే బేస్‌బాల్‌లో పరిగెత్తినవాడు చేరాల్సిన చోట గీత ఉండదు, ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆ రోజు మొదటి బేస్ దగ్గర నిలబడింది టమాటా. వాడి మోకాలి కింద ఎముక మీద లేచిన బొప్పి చూశాక, కొత్త ప్రాజెక్టు నాకు రాదని తేలిపోయింది.

రెండో తప్పు గ్లవ్ గురించి. మనకు చేతికి తొడుగు వేసుకుని బంతి పట్టేది వికెట్ కీపర్ ఒక్కడే. తక్కినవాళ్ళు వేసుకుంటే కాలనీలో ఏడాదిపాటు నవ్వుతారు. మరుసటి శనివారం గ్లవ్‌లు అన్నీ సంచీలో పెట్టించి, వట్టి చేతులతో క్యాచ్ పట్టడం నేర్పాను. చిన్నదాని కుడిచేతి చూపుడువేలు చివర బంతి తిన్నగా వచ్చి తగిలింది. పిల్ల ఏడవలేదు. వేలును ఎత్తి పట్టుకుని, ఎవరి వేలో అన్నట్టు చూసింది. బావగారు "ఒక్కసారి లాగితే సర్దుకుంటుందండి" అని చెయ్యి చాచారు. అది ఎందుకో మంచిది కాదనిపించి ఆపాను. (ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత చాలా ఏళ్ళు ఇంట్లో ఆ పని గురించి చెప్పుకుని బతికాను.) ఐసు తేవడానికి ఆయన ఇంటికి పరిగెత్తారు. మా ఫ్రీజర్లో ఐసు లేదు. తురిమిన కొబ్బరి ప్యాకెట్టు ఉంది. అదే తెచ్చి వేలికి కట్టారు.

పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి తెల్లటి యూనిఫాంలోనే, ఆసుపత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. చిన్నదానికి పిన్ని. ఫిజియోథెరపిస్టు, ప్రొద్దుటూరు అమ్మాయి, అక్కాబావల ఇంట్లో ఉంటోంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసింది ఆవిడకు కోపం వచ్చిందని.

"ఎవరు సార్ ఇది కట్టింది?"

"నేనేనండి. ఐసు దొరకలేదండి" అన్నారు బావగారు.

"ఇది కొబ్బరి."

"ఆయ్. చల్లగానే ఉందండి."

"గుడ్డ చుట్టకుండా వట్టి చర్మం మీద పెట్టినారే? ఎంతసేపాయె?"

"చట్నీకి మెత్తబడేదాకా ఉంచుదామనండి."

ఆవిడ ఆ ప్యాకెట్టు విప్పి బావగారి చేతిలో పెట్టి నావైపు తిరిగింది. "గ్లవ్ యాడ?"

"అంటే, క్రికెట్లో ఫీల్డర్లు..."

"క్రికెట్ గురించి అడగలా నేను. గ్లవ్ యాడ అని అడిగినా."

సంచీ చూపించాను. ఆవిడ సంచీ వంక, టమాటా కాలి మీది బొప్పి వంక, నా చేతిలోని బ్యాటు వంక వరసగా చూసింది. "పెద్ద జట్టే ఉండాది మీది" అంది. చిన్నదాన్ని ఎక్స్‌రేకు తీసుకెళ్ళిపోయింది. ఎముకకేమీ కాలేదు, బెణికింది అంతే. పక్కవేలికి కలిపి కట్టు వేశారు.

ఆవిడ ఇక ఆ పిల్లను పంపదని, టీమ్ లీడ్ నన్ను పంపించేస్తుందని అనుకున్నాను. రెండూ జరగలేదు. మరుసటి శనివారం ఆవిడే అందరికన్నా ముందొచ్చింది. ఇంట్లో ఉన్న ముసలి కోచ్‌తో ఫోన్లో మాట్లాడి, ఆట నేర్పడం మాకు వదిలి, ఒళ్ళు చూసుకోవడం తను పుచ్చుకుంది. ముందు ఒళ్ళు వేడెక్కాలి, ఆ తర్వాతే బంతి. చుట్టూ నెమ్మదిగా పరుగు, భుజాలు తిప్పడం, దగ్గర నుంచి తేలిగ్గా విసరడం, తర్వాత దూరం. హెల్మెట్ లేకుండా బ్యాటు ముట్టుకోకూడదు. ఒకరు బ్యాటు ఊపుతుంటే దాని అందుబాటులో ఇంకో మనిషి ఉండకూడదు. నేల మీద కదిలే దిండులాంటి బేస్‌ను గట్టిగా బిగించకుండా ఎవరూ దాని మీదికి జారకూడదు. ఇక నా ఘనకార్యాన్ని సరిచేయడానికి ఒక ప్లాస్టిక్ రింగు తెచ్చింది. కొట్టినవాళ్ళు పరిగెత్తేముందు బ్యాటును ఆ రింగులో వేయాలి. వేయకపోతే ఔటే. నేను నేర్పింది పిల్లల చేతుల్లో ఎంత గట్టిగా నాటుకుందంటే, మొదట్లో ఎవరూ వదలలేకపోయేవారు. ఆవిడ గీత పక్కన నిలబడి "బ్యాటు వదిలెయ్! వదిలెయ్!" అని అరిచేది. నెల తిరిగేసరికి ఇంగ్లీషు పిల్లలు కూడా ఒకరినొకరు "వడిలే! వడిలే!" అని హెచ్చరించుకోవడం మొదలుపెట్టారు. టమాటా ఆ మాటను ఇంటికి కూడా పట్టుకెళ్ళాడట. వాళ్ళమ్మ ఆఫీసులో నన్నడిగితే అర్థం చెప్పాను. నవ్వింది. కొత్త ప్రాజెక్టు ఇవ్వలేదు.

పిల్లల తల్లిదండ్రులకు ఆవిడ చెప్పిన మాట ఒకటి నాకు బాగా గుర్తుంది. ఎదిగే పిల్లల మోచేతి దగ్గర ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, పెద్దవాళ్ళ ఎముక కాదది, అక్కడ పదేపదే లాగితే దెబ్బతినేది అదే. అందుకని బంతి విసిరే పిల్లలు ఎన్ని విసురుతున్నారో పైకి లెక్కపెట్టాలి, అయిపోగానే మార్చాలి, మర్నాడు ఆ చేతికి సెలవివ్వాలి. హైదరాబాద్ డాక్టర్ అంకుల్ ఒకాయన ఒప్పుకోలేదు. "మావోడు రోజూ గార్డెన్ల గోడకేసి కొడుతనే ఉంటడు మేడం, ఏం గాలే" అన్నాడు. "గోడకేం కాదు సార్" అందావిడ.

వీటన్నిటికీ పైన ఇంకో రూలు. ఎక్కడ నొప్పి ఉన్నా వెంటనే చెప్పాలి. చెప్పినవాళ్ళు ఆ రోజు వేరే ఏదైనా పని చేయొచ్చు, లెక్క చూడొచ్చు, బంతులు ఏరొచ్చు. దాచినవాళ్ళు మాత్రం బెంచీ మీద కూర్చోవాలి, ఏ పనీ లేకుండా. పిల్లలకు ఆ బెంచీ అంటే భయం. ఆ బెంచీ ఎక్కిన మొదటి మనిషి బావగారు. "నాది టీ పోసే డ్యూటీయేనండీ, నాకెందుకండీ వేడెక్కడం" అని ఆయన వార్మప్ మానేశారు. ఆ రోజే ఎవరిదో కుక్క బంతి నోట కరుచుకుని పోతుంటే దాని వెంట పడ్డారు. పిక్క పట్టేసింది. కుక్క ఆగి వెనక్కి చూసింది, జాలిపడి బంతి అక్కడే వదిలి వెళ్ళింది. ఆయన కుంటుతూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే బెంచీ మీద కూర్చుని, "చెప్పేశానండి, దాచలేదండి" అన్నారు.

ఇక నా సంగతి. పిల్లలు కొట్టడానికి బంతులు విసిరే పని నాది. ఒకరి తర్వాత ఒకరు జట్టంతా కొట్టేదాకా విసరాలి. పిల్లలు విసిరేవి లెక్కపెట్టడానికి మనిషి ఉన్నాడు. నేను విసిరేవి ఎవరూ లెక్కపెట్టలేదు. ఆవిడ గీత పక్కన నిలబడి చూస్తున్నప్పుడు నేను అసలే లెక్కపెట్టలేదు. అక్కర్లేనంత వేగంగా, అక్కర్లేనంత దూరం నుంచి, మోచెయ్యి ఎత్తి విసిరేవాణ్ణి. జూన్ చివరికి భుజంలో ఏదో గుచ్చుకోవడం మొదలైంది. జూలైలో చొక్కా తొడుక్కోవడం ఒక ప్రాజెక్టు అయింది. ఆఫీసులో కొత్త ప్రాజెక్టు రాలేదు గానీ ఇది వచ్చింది. ఆఫీసులో మౌస్ ఎడమచేతికి మార్చాను. మా పేట డాక్టరు క్లినిక్కుకు ఫోన్ చేస్తే రెండు వారాల తర్వాత రమ్మన్నారు. బావగారు రోజూ పొద్దున వెనక నిలబడి జాకెట్ తొడిగేవారు. "పెళ్ళికొడుకుని చేస్తున్నట్టుందండి" అనేవారు. ఆవిడను అడగమని ఆయనే చెప్పారు. "ఊళ్ళో ఉన్న భుజాలన్నీ చూస్తారండి ఆవిడ. మీదొక్కటే బరువా?"

అడగలేను. అడిగితే రూలు ప్రకారం విసరడం ఆపేస్తుంది. విసరనివాడికి మైదానంలో పనేముంది? నా చోట ఇంకెవరినో తెస్తారు. ముసలి కోచ్ కూడా చేతికర్రతో రావడం మొదలుపెట్టాడు. ఆ శనివారాలు పోతే, ఆసుపత్రికీ అక్కగారింటికీ మధ్య తిరిగే ఆ మనిషిని చూడడానికి నాకు వేరే దారి లేదు. అప్పటిదాకా ఆవిడ నాతో మాట్లాడినవన్నీ గ్లవ్, బ్యాటు, రింగు గురించే. అయినా నాకు అవే చాలేవి. ఒక శనివారం, "ఈరోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు సార్" అంది. దాన్ని వారమంతా నంజుకున్నాను.

సీజన్లో ఆఖరి మ్యాచ్ ఆగస్టులో, పక్క ఊరి జట్టుతో. చిన్నది బంతి విసిరితే గెలుస్తామని అందరికీ నమ్మకం. ఆ పిల్ల వారం రోజులుగా ఆకుపచ్చ జట్టు చొక్కా వేసుకునే పడుకుంటోందని వాళ్ళ పిన్ని చెప్పింది. ఆట మొదలవడానికి ముందు బావగారు ఫ్లాస్కుల్లో టీ తెచ్చారు. నేను కప్పు అందుకుని, ఓ పక్కన నిలబడి తాగుతున్నాను.

"ఎడమచేత్తో ఎందుకు తాగుతాండారు?"

వెనక ఆవిడ. "అలవాటండి" అన్నాను.

"పోయిన నెల లేదే ఈ అలవాటు?"

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. పోయిన నెల నేను ఏ చేత్తో టీ తాగానో ఈవిడ చూసిందన్నమాట, అన్న ఒక్క సంగతి చెవుల్లో మోగుతోంది. ఆ సంతోషంలో తెలివి తప్పి, కప్పు కుడిచేతికి మార్చుకుని పైకెత్తాను. సగం దూరం వెళ్ళి చెయ్యి ఆగిపోయింది. టీ ఆగలేదు.

అప్పుడు చిన్నది అందుకుంది. "పిన్నీ, అంకుల్ కాంట్ లిఫ్ట్ హిజ్ ఆర్మ్. హి త్రోస్ లైక్ అ పెంగ్విన్ నౌ."

"చెయ్యెత్తండి" అంది ఆవిడ.

జట్టంతా చుట్టూ మూగింది. ఎత్తాను. భుజం దాకా వచ్చింది.

"అంతేనా?"

"ఇంకా వస్తుందండి. ఇప్పుడు అవసరం లేదని..."

"అవసరం ఉండాది. ఎత్తండి."

మొహం మీద నవ్వు చెదరకుండా ఎత్తబోయాను. నోట్లోంచి వచ్చిన శబ్దం విని టమాటా మురిసిపోయాడు. ఆవిడ పిల్లల వైపు తిరిగి, నొప్పి రూలు ఎవరికని ఇంగ్లీషులో అడిగింది. "ఎవ్రీబడీ!" అని అందరూ ఒక్కసారి అరిచారు. ఇంత క్రమశిక్షణ వాళ్ళకు నేనెప్పుడూ నేర్పలేకపోయాను.

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ముసలి కోచ్ కొంచెం జరిగి చోటిచ్చి, "వెల్‌కమ్ టు ద హాస్పిటల్" అన్నాడు. బావగారు కొబ్బరి ప్యాకెట్టు తెచ్చారు. ఈసారి గుడ్డలో చుట్టి తెచ్చారు, ఆ మాత్రం నేర్చుకున్నారు. ఆవిడ దాన్ని నా భుజం మీద పెట్టించి, అటు పిల్లల వైపు వెళ్ళిపోయింది. నేను తల వంచుకుని, ఇక శనివారాలు అయిపోయాయని లెక్క వేసుకుంటున్నాను. అవతల పక్క ఊరి పిల్లలు మైదానంలోకి వస్తున్నారు.

అప్పుడు చిన్నది గ్లవ్ చంకలో పెట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. నన్ను కాసేపు చూసింది. నొప్పి తలుపు తీసేటప్పుడు కూడా ఉంటుందా అని అడిగింది, ఇంగ్లీషులో, చాలా మెల్లిగా. అవునన్నాను. బ్యాగు ఎత్తేటప్పుడు? అవునన్నాను.

"మీ టూ" అంది. మోచెయ్యి లోపలి వైపు వేలితో చూపించింది.

నేను పక్కకు జరిగాను. పిల్ల నా పక్కన కూర్చుంది. కోచ్ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని మైదానం వైపు చూస్తున్నాడు. నాకు పాతికేళ్ళు, ఆ పిల్లకు పదకొండు. ఇద్దరం ఒకే నిజాన్ని, ఒకే కారణంతో, ఒకే మనిషి దగ్గర దాచుకున్నాం. ఆపేస్తుందని.

ఆవిడ వస్తే పిల్ల ఆవిడకూ అదే చోటు చూపించింది. ఆవిడ ఆ మోచేతిని చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా వంచింది, చాచింది, ఒకచోట నొక్కింది. పిల్ల పెదవి కొరుక్కుంది. ఊళ్ళో అందరి పిల్లల మోచేతుల గురించి చెప్పిన మనిషి, ఒకే ఇంట్లో ఒకే బాత్రూం వాడుకునే పిల్ల మోచేతి సంగతి తెలుసుకోలేకపోయింది. అది ఆవిడ మొహంలో కనబడింది.

"నాకు చెప్పలేదే, బుజ్జీ?"

"యూ వుడ్ హావ్ స్టాప్డ్ మి."

"మరి ఇప్పుడెందుకు చెప్పినావు?"

చిన్నది నావైపు చూపించింది. "హి హ్యాడ్ టు సిట్. అండ్ హి ఈజ్ ఓకే."

నేను ఓకేగా లేను. కానీ ఆ మాట తర్వాత ఓకేగా ఉండక తప్పింది కాదు. కొబ్బరి ప్యాకెట్టు భుజం మీంచి జారకుండా పట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి, బెంచీ మీద కూర్చోవడం లోకంలో అందరూ చేసే పనే అన్నట్టు కూర్చున్నాను. బంతులు విసిరినన్నాళ్ళూ ఆ పిల్లలకు నావల్ల ఒరిగింది చెప్పుకోను. కూర్చున్నందుకు మాత్రం ఒక మోచెయ్యి మిగిలింది. కొన్ని నెలలు విసరకుండా ఉంటే చాలు, పూర్తిగా నయమవుతుందని, ఆ రోజు కూడా విసిరి ఉంటే చెప్పలేమని తర్వాత చూసిన డాక్టరు అన్నాడు.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఎంత తేడాతో అంటే, అవతలి జట్టు తల్లిదండ్రులు చివరికి మా పిల్లల కోసం చప్పట్లు కొట్టారు. చిన్నదాని బదులు టమాటా విసిరాడు. వాడి బంతులు ఎటు పోతాయో వాడికే తెలియదు కాబట్టి అందరూ హెల్మెట్లు సర్దుకున్నారు. చిన్నది మొదట్లో ఏడ్చింది, తర్వాత కళ్ళు తుడుచుకుని లెక్క చూడడం మొదలుపెట్టింది. మ్యాచ్ మధ్యలో మా వాళ్ళలో ఒకడు గట్టిగా కొట్టి, బ్యాటు పట్టుకునే పరుగు తీయబోయాడు. బెంచీ మీది నుంచి మేం ముగ్గురం, కోచ్‌తో సహా, "వదిలెయ్!" అని అరిచాం. వాడు వదిలేశాడు.

సామాన్లు సర్దుకునేటప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "వచ్చే శనివారం ఆట లేదు, తెలుసు కదా?"

"తెలుసండి."

"అయినా రండి. భుజం చూడాల. మా అక్కావాళ్ళ ఇంటికి." బంతుల సంచీ ఎత్తుకుంటూ, "నా పేషెంట్లలో మీ అంత అబద్ధాలకోరు ఇంకొకరు లేరు సార్" అంది. ఇంతకన్నా మంచి మాట నాతో ఎవరూ అనలేదు. పక్కనే ఫ్లాస్కులు సర్దుతున్న బావగారు "నా పిక్క కూడా చూడాలండీ" అనబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఆయనది గొప్ప మనసు.

భుజం బాగుపడడానికి చలికాలం దాకా పట్టింది. (అంతకు ముందే బాగుపడిందని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు.) మరుసటి ఏడాది పెళ్ళి చేసుకున్నాం. అంకుల్ అన్న పిల్ల బాబాయ్ అనడం మొదలుపెట్టింది. ఇంట్లో చేరిన మొదటివారంలోనే ఆవిడ టీ డబ్బాను వంటింట్లో అన్నిటికన్నా పై అరలో పెట్టింది. అక్కడెందుకంటే, "మీకు ఎక్సర్‌సైజు చెయ్యమంటే చెయ్యరు. టీ తాగకుండా ఉండలేరు" అంది. రోజూ రెండు పూటలా కుడిచెయ్యి పైకెత్తి ఆ డబ్బా తీశాను. ఇల్లు మారినప్పుడు కూడా అరలు చూసి, పైది ఎంత ఎత్తుందో నన్నే నిలబెట్టి కొలిచింది. శనివారాలు పొద్దున పేపర్ చదువుకుంటూ తల ఎత్తకుండానే "చెయ్యెత్తండి" అనేది. ఎత్తేవాణ్ణి. ఒక్కోసారి పూర్తిగా ఎత్తకుండా చూశాను. పట్టుకునేది.

కిందటి చలికాలంలో ఆవిడ పోయింది. తన నొప్పిని దాచలేదు. మొదటివారంలోనే చెప్పింది, వెళ్ళి చూపించుకుంది. చెప్పినా నయం కానివి కొన్ని ఉంటాయని డాక్టర్లు చెప్తే, అది కూడా నాకు ఆవిడే అర్థమయ్యేట్టు చెప్పింది.

చిన్నది ఇప్పుడు గ్లాస్గోలో డాక్టరు. మొన్న శనివారం నేను టీ కలుపుకున్న కాసేపటికి ఫోన్ చేసింది. "బాబాయ్, షోల్డర్ ఎలా ఉంది?" అని అడిగింది. ఈ మధ్య తెలుగులోనే మాట్లాడుతోంది. బాగుందన్నాను.

"టీ ఏ చేత్తో తాగుతున్నారు?"

కప్పు ఎడమచేతిలో ఉంది. ఫోన్లో కనబడదని తెలిసి కూడా గబగబా కుడిచేతికి మార్చుకున్నాను. కాస్త ఒలికింది. "కుడిచేత్తోనే" అన్నాను. పాతికేళ్ళ వయసులో నొప్పి దాచిన ఆ పెద్దమనిషి ఇంకా ఎక్కడికీ పోలేదని నవ్వొచ్చింది. అటువైపు చిన్నది నమ్మిందో లేదో తెలియదు.

భుజం నొప్పి పెద్దదేమీ కాదు, చెయ్యెత్తితే ఎత్తగలను. టీ డబ్బాను పై అరలో పెట్టడం మానేశాను.